ఫ్రెంచి పుస్తకం కూరతో నలభయ్యో దినం

మా ఆయన్ని ఎక్కడ పూడ్చిపెట్టారో నేను చూడలేదు. ఆ చోటు ఒక్కసారి కంటితో చూడాలన్నదే నాకున్న కోరిక. లోపలికి వెళ్లి మట్టి తాకాలని కూడా కాదు. ఆ దేశంలో ఆడదాన్ని ఖబరస్తాన్‌లోకి రానివ్వరని నాకు తెలుసు. బయట నిలబడి, ఇదిగో, ఇక్కడున్నాడు అనుకుంటే చాలు. అది కూడా దక్కలేదు. ఎందుకు దక్కలేదని ఎవరైనా అడిగితే ఒక వంటల పుస్తకం సంగతి చెప్పాల్సి వస్తుంది. వినేవాళ్లకు నవ్వులాటగా ఉంటుంది. వంటల పుస్తకానికీ మనిషి సమాధికీ ఏం సంబంధం అంటారు. అందుకే ఇన్నేళ్లూ నోరు విప్పలేదు. నాకు సంతకం వరకే చదువు. నేను చెబుతున్నాను, రాసేవాళ్లు రాస్తున్నారు.

మాది కడప వైపు. దూదేకుల వాళ్లం. ఇంట్లో తెలుగే. నమాజుకు అరబ్బీ, సంతకు తెలుగు; ఉర్దూ అనేది మా ఇంటికి చుట్టపుచూపుగా వచ్చిపోయే భాష. మేమిద్దరం కలిసి ఒకే ఇంటి పనికి సౌదీలో యాన్బు వెళ్లాం. ఆయన ఇంటి డ్రైవరు, నేను వంటమనిషిని. అక్కడ ఆడదానికి సొంత మగవాడు తోడుండాలి. ఆయనుంటేనే నేనున్నట్టు. కాగితంలో కూడా అంతే. మా కఫీల్, అంటే మమ్మల్ని పిలిపించుకున్న బాబా, సౌదీ మనిషి, రిఫైనరీలో ఇంజినీరు. ఆయన భార్య, మా మేడం, లెబనాన్ ఆమె. గేటు పక్కన ఒక గది, దానికో చిన్న బాత్రూము, గోడకు ఆనించి ఒక మంచం. అదీ మా కాపురం.

ఆ పుస్తకం మేడం పుట్టింటిది. ఫ్రెంచి వాళ్లు తమ ఇళ్లల్లో రోజూ చేసుకునే వంటలట. హోటలు వంటలు కావు. అట్ట ఊడిపోతే ముతక గుడ్డ అంటించి కుట్టారు. బొమ్మలు తక్కువ, వెన్న మరకలు ఎక్కువ. లెబనాన్‌లో వాళ్లలో వాళ్లు కొట్టుకు చచ్చిన రోజుల్లో మేడం వాళ్లమ్మ బాంబు పడి చనిపోయిందట. ఇల్లు కూలితే ఆ మట్టిలోంచి మేడం చేతికి దొరికింది ఆ పుస్తకం ఒక్కటే. ఒకసారి పేజీలు తుడుస్తూ నాతో చెప్పింది. మళ్లీ ఎప్పుడూ చెప్పలేదు.

ఇరాక్ వాడు కువైట్‌లో దిగిన ఏడాది అది. వాళ్ల దేశం ఇరాక్ పక్షం పట్టిందని మా వీధి చివర కిరాణా కొట్టు నడిపే యెమెన్ వాళ్లను దేశం నుంచి పంపేశారు. కొట్టు తలుపుకు తాళం పడింది, లోపల ఉల్లిగడ్డలు కుళ్లి వీధంతా వాసన. రిఫైనరీలో మగవాళ్లకు డ్యూటీ మీద డ్యూటీ. ఆడవాళ్లంతా టీవీ ముందు కూర్చుని, వాడు మీదికి వస్తాడా, గాలిలో విషం వదులుతాడా అని ఒకటే మాట. కిటికీలకు ప్లాస్టిక్ కాగితాలు అంటించాం. ఒకరోజు మేడం టీవీ కట్టేసి, బీరువాలోంచి ఆ పుస్తకం తీసింది. ఇక నుంచి ప్రతి గురువారం నలుగురు ఆడవాళ్లు మా ఇంట్లో చేరాలి, పుస్తకంలోని వంట ఒకటి తినాలి, తిన్నాక పుస్తకం మీద ఎవరికి తోచింది వాళ్లు దాపరికం లేకుండా చెప్పాలి. యుద్ధం మాట ఎత్తకూడదు. అదీ షరతు.

ఆ నలుగురిలో ఒకరు మేడమే. ఇంకొకామె డాక్టరు భార్య, ఈజిప్టు మనిషి, ఫ్రెంచి బడిలో చదువుకుంది. మూడో ఆమె హైదరాబాద్ మనిషి, ఆపా అని, అంటే అక్క అని పిలిచేదాన్ని. భర్త రిఫైనరీ ఆఫీసులో లెక్కలు చూసేవాడు. ఆపా చిన్నప్పుడు నల్లగొండలో పెరిగింది కాబట్టి తెలుగు మాట్లాడేది. నాలుగో ఆమె బాబా పెద్దక్క. ఆమెకు అక్షరం ముక్క రాదు, నాలాగే. కానీ పుస్తకం మీద ఆమె చెప్పినన్ని మాటలు ఎవరూ చెప్పలేదు.

మేడం ఫ్రెంచిలో చదివి అరబ్బీలో చెప్పేది. నా బుర్రకు ఎక్కనిది ఆపా తెలుగులోకి దించేది. అన్ని భాషలు దాటుకుని కూర నా పొయ్యి మీదికి వచ్చేసరికి ఏం మిగిలేదో, ఏం జారిపోయేదో ఆ పైవాడికే తెలియాలి. చదివేది వాళ్లు, వండేది నేను. మంచి పేరొస్తే పుస్తకానికి, చెడ్డ పేరొస్తే నాకు.

మొదటి గురువారం ఉల్లిపాయల సూపు. పైన రొట్టె ముక్క, దానిమీద జున్ను కరిగించాలి. పెద్దక్క చెంచాతో కెలికి చూసింది.

"ఇంతేనా? ఉల్లిపాయ నీళ్లు పోసి చుట్టాన్ని పంపేస్తారా? అన్నమేదీ? మా అమ్మ ఇలాంటిది పెట్టుంటే మా నాన్న ఒంటెనెక్కి ఎడారిలోకి వెళ్లిపోయేవాడు."

"రాసినామె అబద్ధాలకోరు" అంది ఈజిప్టు ఆమె. "ఉల్లిపాయలు పావుగంటలో ఎర్రబడతాయట. ఏ దేశపు ఉల్లిపాయలమ్మా అవి? వంటగదిలో ఆ పిల్లను అడుగు, ఎంతసేపు నిలబడిందో."

ఆపా నావైపు తిరిగి తెలుగులో గొణిగింది. "గిదేం పుస్తకం చెల్లె? మిరపకాయ అన్న మాటే లేదు. అచ్చం జ్వరమొచ్చినోళ్లకు పెట్టే పత్యం."

మేడం ఎవరి మాటకూ కోపం తెచ్చుకోలేదు. "నిదానంగా తినండి, అప్పుడు తెలుస్తుంది" అంది. పెద్దక్క నిదానంగానే తిని, రెండో గిన్నె అడిగి, అది కూడా తిని, వెళ్లేటప్పుడు గుమ్మంలో నిలబడి మళ్లీ తిట్టింది.

తరువాత ఒక వారం మీగడలో ఉడికిన బంగాళాదుంపలు. ఒక వారం ఆవపిండి ముద్ద పూసిన కోడి. ఇంకో వారం గుడ్లూ పాలూ పంచదారపాకం కలిపి చేసే తీపి. అది నాకు విరిగిపోయింది. "పుస్తకం తప్పు కాదు, పొయ్యి తప్పు" అని మేడం నన్ను కాపాడింది. అసలు ఇబ్బంది సారాయితో వచ్చింది. ఆ పుస్తకంలో సగం కూరలకు ద్రాక్ష సారాయి పోయాలి. ఆ దేశంలో సారాయి చుక్క దొరకదు, దొరికినా మేం ముట్టం. సారాయి అన్న మాట వచ్చినచోట మేడం గొంతు తగ్గించి, పెద్దక్కకు తెలియనివ్వకుండా, "ద్రాక్ష రసం" అని చదివేది. దాని బదులు ఏం పోయాలన్న దాని మీద పెద్దక్క లేనప్పుడు పెద్ద గొడవ. వినిగర్ అని ఈజిప్టు ఆమె, దానిమ్మ పులుసు అని ఆపా. ఎర్ర సారాయిలో పొద్దంతా ఉడికే పెద్దమాంసం కూర ఒకటుంది, పుస్తకంలోకెల్లా గొప్పదట. దాన్ని మేడం ఆ గొడవతోనే వెనక్కి నెడుతూ వచ్చింది.

మిగిలింది ఒక గిన్నెలో పోసుకుని నేను మా గదికి తీసుకుపోయేదాన్ని. మా ఆయన మంచం మీద కూర్చుని రొట్టె ముంచుకుని తినేవాడు. ఆయన చెప్పే మాట కోసమే నేను గురువారాలు ఎదురుచూసేదాన్నేమో, ఇప్పుడు అనిపిస్తుంది.

"ఏందిమే ఇది? ఆస్పత్రిలో బాలింతకు పెట్టే కూడు మాదిరుండాది."

"ఫ్రెంచోళ్ల కూర. తిను, ఇంట్లో ఉండే వెన్నంతా దాంట్లోనే పోసినా."

"వెన్న పోస్తే సరా? పులుపేదీ? రోంత చింతపండు పిసికి పోసుంటే అప్పుడు గదా కూరయ్యేది. ఆ పుస్తకం రాసినామెకు చెప్పు, కడప డ్రైవరు సలాం చెప్పినాడని."

"నువ్వే చెప్పు. గురువారం పోయి వాళ్ల నడాన కుర్చీ ఏసుకోని కూర్చో."

"కూర్చుంటా. ఐదో మేడం అయితా. నాకేం తక్కువ?"

గది బయటికి వినబడుతుందేమోనని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వాను.

చలికాలంలో యుద్ధం మొదలైంది. మా వైపు ఏమీ పడలేదు, తూర్పున ఖోబర్ వైపు బాంబులు పడ్డాయి. మేడం చెల్లెలు పిల్లలతో ఖోబర్‌లో ఉంది, భర్త ఊళ్లో లేడు. ఫోన్లో ఆమె ఏడుపు వంటగదిలోకి కూడా వినబడింది. బాబాకు డ్యూటీ వదిలి కదలడానికి లేదు. "నువ్వు వెళ్లి తీసుకురా" అన్నాడు మా ఆయనతో. తెల్లవారు నమాజు చదువుకుని బయలుదేరాడు. విషపు గాలికి కట్టుకొమ్మని ఇచ్చిన రబ్బరు మాస్కు మొహానికి పెట్టుకుని కారు అద్దంలోంచి నావైపు చూసి తల ఊపాడు. నాకు ఆ పూట నవ్వు రాలేదు. రొట్టెలు మూటగట్టి ఇచ్చాను. రియాద్ రోడ్డు పట్టుకుని మదీనా దాటి, కసీం దాటి పోయాడు. పొద్దుగూకే వేళ రోడ్డుకు అడ్డంగా ఒంటె వచ్చింది.

అంతే. బాంబు కాదు, విషపు గాలి కాదు. ఒంటె.

బాబా వెళ్లాడు. ఆ ఊళ్లోనే పూడ్చి వచ్చాడు. అక్కడ పద్ధతి అదే, పోయినచోటే, ఆలస్యం చేయకుండా. "నా చేతులతో నేనే దించాను. జనం బాగా వచ్చారు, నమాజు చదివాం" అని చెప్పాడు. ఇంకా చాలా చెప్పాడు. నా చెవులు పనిచేయలేదు. మేడం చెల్లెలు ఎవరి కారులోనో జెద్దాకు క్షేమంగా చేరిందని కూడా ఆ రోజే తెలిసింది.

నల్లపూసలు ఆపా తీసింది, గాజులు కూడా ఆమే. మా ఊళ్లో అయితే వీధి ఆడవాళ్లంతా చుట్టూ కూర్చుని ఏడ్చేవాళ్లు. ఇక్కడ ఆపా ఒక్కతే అందరి ఏడుపూ ఏడ్చింది. మొగుడు పోయిన ఆడది నాలుగు నెలల పది దినాలు గడప దాటకూడదు, మంచి బట్ట కట్టకూడదు. దాన్ని ఇద్దత్ అంటాం. మేడం నన్ను గేటు గదిలోంచి తీసుకొచ్చి వంటగది పక్కన సామాను గదిలో పడుకోమంది. తోడు మగవాడు పోయాడు కాబట్టి నన్ను దేశం పంపేయాల్సిందే. కానీ బాబా చెడ్డవాడు కాదు. "ఇద్దత్ ఇక్కడే గడుపుకో. అది అయ్యాక మేం ఖోబర్ వెళ్తాం, నిన్నూ తీసుకెళ్తాను. దారిలో ఆపి ఆ చోటు చూపిస్తాను. ఆ తరువాత మీ దేశం వెళ్దువు గాని" అన్నాడు. నేను ఆయన కాళ్ల మీద పడబోతే వెనక్కి జరిగాడు.

ఆ మాట పట్టుకుని బతికాను. తిండి నోటికి పోయేది కాదు గానీ, ఆ మాట గొంతు దిగింది.

పెద్దక్కకు నేనుండడం ఇష్టం లేదు. మొగుడు లేని పరాయి ఆడదాన్ని ఇంట్లో పెట్టుకోవడం ఏమిటని తమ్ముణ్ని పొడుస్తూనే ఉంది. మేడం ఒకటే మాట చెప్పేది. "ఈమె పోతే నా గురువారాలు ఏం కావాలి? ఆ పుస్తకం వండడం ఈమెకు చేతికొచ్చింది." నేను దాన్నిబట్టి లెక్క వేసుకున్నాను. గురువారాలు నడిచినంతకాలం నేనుంటాను. నేనుంటే ఆయన చోటు చూస్తాను. అప్పటినుంచి హాలు తలుపు పక్కన నిలబడి వాళ్ల మాటలు వినడం మొదలుపెట్టాను. పుస్తకం బాగుంది అంటే నాకు ఇంకో వారం ఆయుష్షు పోసినట్టు. బాగాలేదంటే ఒక వారం తగ్గినట్టు.

ఒక గురువారం ఈజిప్టు ఆమె చెంచా పక్కన పెట్టేసింది. "నాకు విసుగొచ్చింది. ఏ పేజీ తిప్పినా అదే వెన్న, అదే ఉల్లిపాయ, అదే ఓపిక. పుస్తకం మార్చుదాం. నా దగ్గర ఇటలీ వాళ్లది ఉంది."

"అందులో అన్నం ఉంటుందా?" అని పెద్దక్క అడిగింది.

"ఉంటుంది."

"అయితే అదే మేలు."

మేడం పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకుని అట్ట మీది గుడ్డను వేలితో రాస్తూ కూర్చుంది. "ఒక్క కూర మిగిలింది. మా అమ్మ పండక్కి చేసే కూర. అది తిన్నాక కూడా మీకు విసుగే అనిపిస్తే మానేద్దాం" అంది. ఎర్ర సారాయి కూర అది. దాని మీద వాళ్లు ఏం చెబుతారో దాన్నిబట్టి నా బతుకు.

ఆ కూర చేయాల్సిన గురువారమే ఆయన నలభయ్యో దినం.

మా వైపు నలభయ్యో దినానికి ఫాతెహా ఇస్తాం. అంతవరకు పోయిన ప్రాణం ఇంటి గడప చుట్టూనే తిరుగుతుందని, ఆ దినం తృప్తిగా సాగనంపాలని పెద్దవాళ్లు చెబుతారు. ఆ మనిషికి ఇష్టమైనవి వండి, సాంబ్రాణి పొగ వేసి, ఖురాన్ మాటలు నాలుగు చదివి, పదిమందికి పెట్టాలి. పదిమంది తినాలి, అదే ముఖ్యం. ఇంటి మనిషి తింటే చెల్లదు. సౌదీలో ఇదంతా కూడదు. మతంలో లేనిది మీరు కల్పించుకున్నారు, బిద్అత్ అంటారు. నాకు ఆ సంగతి తెలుసు. కానీ ఆ మనిషి ఎక్కడో రోడ్డు పక్కన, పేరు రాసిన రాయి కూడా లేకుండా పడి ఉన్నాడు. వల్లించేవాడు లేడు, పెట్టేవాడు లేడు. నా చేతిలో ఉన్నది ఒక పొయ్యి, ఒక గిన్నె. ఆ పూట తినడానికి మనుషులు వాళ్లంతట వాళ్లే నడిచి ఇంటికి వస్తున్నారు. నేనేం చేయాలి?

పొద్దున టీవీలో యుద్ధం ఆగిందన్నారు. వీధిలో కార్లన్నీ హారన్లు కొట్టాయి. మేడం వంటగదిలోకి వచ్చి నన్ను గట్టిగా పట్టుకుంది. "సారాయి బదులు ద్రాక్ష రసం, కొంచెం వినిగర్. బాగా చెయ్" అంది. సరే మేడం అన్నాను. ఆమె వెళ్లాక డబ్బా అడుగున దాచుకున్న చింతపండు తీసి నానబెట్టాను. ఆయన చెప్పిన మాటే చేశాను. మాంసం వెన్నలో వేయించి, ఉల్లిపాయలు, క్యారెట్లు వేసి, పిండి చల్లి, పుస్తకంలో చెప్పిందంతా చేసి, సారాయి పోయాల్సిన చోట చిక్కటి చింతపండు పులుసు పోశాను. రెండు ఎండుమిరపకాయలు తుంచి వేశాను. పొద్దంతా సన్నమంట మీద ఉడికింది. మూత తీస్తే మా ఇల్లు గుర్తొచ్చింది. పొయ్యి ముందు కూలబడి ఏడ్చాను.

అరబ్బుల ఇంట్లో బఖూరు పొగ రోజూ ఉండేదే. ఆ నిప్పుల మీదే సాంబ్రాణి వేశాను, ఎవరికీ అనుమానం రాలేదు. ఒక పళ్లెంలో ఆయన వంతు పెట్టి, పక్కన గ్లాసు నీళ్లు, ఒక వక్క, ఆయన తాగే సిగరెట్టు ఒకటి పెట్టి గుడ్డ కప్పాను. మగవాడు చదవాలి. మగవాడు లేడు. నాకొచ్చిన సూరాలు తప్పో ఒప్పో నేనే చదివి, గిన్నె మీద ఊదాను. తరువాత వాళ్లకు పెట్టాను.

తలుపు పక్కన నిలబడ్డాను. చెంచాల చప్పుడు ఆగకుండా వినబడింది.

"ఈ పుస్తకాన్ని నేను చాలా అన్నాను" అంది ఈజిప్టు ఆమె. "ఇప్పుడు రాసినామెకు ముద్దు పెట్టాలని ఉంది. ఇంతకాలం ఈ పులుపు ఎక్కడ దాచిపెట్టింది?"

"వల్లా, ఇది తిండి అంటే" అంది పెద్దక్క. "ఇది అన్నంలోకి ఇంకా బాగుంటుంది. పుస్తకంలో ఇలాంటివే ఉంటే రోజూ చదవొచ్చు కదా! ఇంకాస్త వెయ్."

మేడం నెమ్మదిగా నములుతోంది. "మా అమ్మది ఇలా ఉండేది కాదు" అంది. ఇంకో ముద్ద తీసుకుని, "కానీ ఆపలేకపోతున్నాను" అంది.

లోపల నాకు ఎలా ఉందో ఎవరికి చెప్పను? పదిమంది కాదు, నలుగురు. అయినా ఆయన పేర తిన్నారు, బాగుందన్నారు. పుస్తకం నిలబడింది, నేను నిలబడ్డాను. ఇక ఎండాకాలం వస్తుంది, కారు ఎక్కుతాను అనుకున్నాను.

ఆపా మాత్రం ఒక ముద్ద తిని ఆగిపోయి, పళ్లెం పట్టుకుని వంటగదిలోకి వచ్చింది.

"చెల్లె, చింతపండు ఏసినవ్ గదా?"

నేను తల ఊపాను. ఆమె చూపు గుడ్డ కప్పిన పళ్లెం మీద పడింది. గుడ్డ ఎత్తి, సిగరెట్టు చూసింది.

"ఇయ్యాల నలభయ్యా?"

"అవును ఆపా."

"ఒక్కదానివే సదువుకున్నవా? నాకు ఒక్క మాట చెప్పొద్దా? నేను గూడ కూసుంటుంటి గదా..." అంటూ నేల మీద కూర్చుని కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. తరువాత లేచి, కళ్లు తుడుచుకోకుండానే హాల్లోకి వెళ్లింది. నేను చెయ్యి పట్టి ఆపి ఉండాల్సింది. ఆపలేదు.

ఏమైందని వాళ్లు అడిగారు. ఆపా మంచి మనసుతోనే అరబ్బీలో చెప్పింది. "మన డ్రైవరు పోయి ఇవాళ్టికి నలభై రోజులు. పాపం, ఈమె ఆయన పేరు మీద చదివి మనకు పెట్టింది. ఇక్కడ కూడదంటారు, నాకు తెలుసు. కానీ తిన్నాం కదా, అందరం చేతులెత్తి ఆయన కోసం ఒక్క దువా చేద్దాం."

పెద్దక్క చేతిలో చెంచా ఆగిపోయింది.

"చచ్చినవాడి పేర వండింది నాకు పెట్టారా?"

"అక్కా, బీదది, భర్త పోయినది..."

"బిద్అత్! మా తమ్ముడి ఇంట్లో! పొగ వేసి, గిన్నెలో ఊది, నా చేత తినిపిస్తారా?" లేచి సింకు దగ్గరికి వెళ్లి నోట్లో వేలు పెట్టి కక్కింది. నోరు కడుక్కుంటూనే అరిచింది. "నేను మొదటినుంచీ చెబుతూనే ఉన్నాను. నాకు చదువు రాదు, చెవులు లేవనుకున్నారా? ద్రాక్ష రసం అని గొంతు తగ్గించి చదివితే నాకు తెలియదా అది సారాయని? సారాయి పుస్తకం ఇంట్లోకి వచ్చాక దాని వెనకే ఇవన్నీ వస్తాయి. తీసుకెళ్లి ఆ నిప్పుల్లో పడెయ్ దాన్ని."

మేడం ఒక్క దూకున బల్ల మీది పుస్తకాన్ని తీసి ఎదకు అదుముకుంది. నావైపు చూసింది. అప్పుడు నేను తలుపు చాటున లేను, తలుపు మధ్యలో నిలబడి ఉన్నాను.

"పుస్తకంలో చింతపండు లేదు" అంది. "పుస్తకంలో ఊదమని లేదు. తప్పు పుస్తకానిది కాదు. ఈమెది."

ఆ పుస్తకం గురించి ఆ ఇంట్లో నేను విన్న ఆఖరి మాట అదే.

నేను మేడంను తిట్టుకున్నాను. ఇప్పటికీ అప్పుడప్పుడు తిట్టుకుంటాను. కానీ ఆమె చేతిలో వాళ్లమ్మది మిగిలింది అదొక్కటే. పుస్తకమో నేనో ఎవరో ఒకరం నిప్పుల్లో పడాలి ఆ పూట. ఎవరమైనా ఏం చేస్తాం? నేనైనా అదే చేసేదాన్నేమో. అలా అనుకుంటే కోపం పోతుందంటారు. పోలేదు.

బాబా డ్యూటీ నుంచి వచ్చాక అక్క మాట విన్నాడు, భార్య మాట విన్నాడు. నన్ను పిలిచి నిదానంగానే చెప్పాడు, నాకు ఖురూజ్ కొట్టిస్తున్నానని. అంటే మళ్లీ రానక్కర లేకుండా దేశం పంపే ముద్ర. నేను గుమ్మం పట్టుకుని అడిగాను.

"బాబా, ఆ ఊరు ఒక్కసారి చూపించి పంపండి."

"ఆ రోడ్డు నిండా మిలిటరీ బళ్లు. పైగా నువ్వు ఇద్దత్‌లో ఉన్నావు. ప్రయాణం చేయకూడదు."

"ఇద్దత్‌లో ఉంటే కడపకు పోవచ్చా బాబా?"

బాబా నేల చూస్తూ, "మట్టిని చూస్తే ఏమొస్తుందమ్మా? దువా ఎక్కడినుంచి చేసినా చేరుతుంది" అన్నాడు. ఆయన నమ్మే మాటే చెప్పాడు. నాకు ఆ మాట ఆ పూటా చేరలేదు, ఈ పూటా చేరలేదు.

ఆపాను తరువాత ఆ ఇంటికి రానివ్వలేదు. మేడం వంటగదిలోకి రావడం మానేసింది. నేను పోయే రోజు ఆమె గది తలుపు మూసే ఉంది. కొత్త డ్రైవరు కరీంనగర్ వైపు మనిషి, హిందువులబ్బాయి. నన్ను జెద్దా విమానం దగ్గరికి తీసుకెళ్తున్నాడు. ఊరు దాటాక నేను వెనక్కి తిరిగి కూర్చున్నాను.

"గట్ల ఎనక్కి ఏం జూస్తున్నవ్ అక్కా? ఏమన్న మర్చినవా?"

"కసీం ఎటుంటుంది నాయనా?"

"కసీమా? అది తూర్పుదిక్కు, శాన దూరం. మనం దక్షిణం పోతున్నం. ఎవలున్నరు ఆడ?"

చెప్పాను. అతను కారు నెమ్మది చేశాడు. తరువాత, "నేను అటు పోయేదుంటే ఆగి దండం పెట్టి వస్త అక్కా. ఊరి పేరు చెప్పు" అన్నాడు.

అప్పుడు తెలిసింది నాకు. ఊరి పేరు నాకు తెలియదు. బాబా చెప్పే ఉంటాడు, ఆ రోజు చెప్పిన మాటల్లో అది కూడా ఉండే ఉంటుంది. మళ్లీ అడగలేదు. ఎలాగూ కారులో తీసుకెళ్లి చూపిస్తాడు కదా, పేరుతో పనేమిటని అడగలేదు. కారు పోతూనే ఉంది.

ఊరికి వచ్చాక బాబాకు జాబు రాయించాను. ఒకసారి కాదు. జవాబు రాలేదు. వాళ్లు ఆ ఇంట్లో ఉన్నారో, వేరే ఊరు పోయారో తెలియదు. మా వీధిలోంచి ఇప్పటికీ పిల్లలు సౌదీకి పోతూనే ఉన్నారు. సెలవు మీద వచ్చినవాణ్నల్లా పిలిచి కూర్చోబెట్టుకుంటాను. రియాద్ రోడ్డు మీద తిరుగుతావా అని అడుగుతాను. తిరుగుతామంటారు. ఊరి పేరు అడుగుతారు. కసీం దాటాక, అంటాను.

"పెద్దమ్మా, కసీం దాటినంక రియాద్ దాకా అంతా దాటినట్టే గదా. యాడని ఎతికేది?"

"రోడ్డు పక్కన ఏ ఖబరస్తాన్ కనపడినా ఒక సలాం చెప్పిపో నాయనా" అంటాను.

"అట్లనే పెద్దమ్మా" అంటారు. మంచి పిల్లలే. ఆ రోడ్డు మీద బళ్లు ఎంత వేగంగా పోతాయో నాకు తెలుసు.